నీతిగా బతికేవాడి పక్కన సంఘం నిలబడాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

కాలం చెడిపోయిందని, విలువలు పోయాయని మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. మా క్రైస్తవ గుడిలో ఆదివారం ప్రసంగాల్లోనూ ఇదే మాట. ఫోన్లు, సినిమాలు, ఆడపిల్లల బట్టలు. వాటి గురించి చెప్పాల్సింది ఉంటే చెప్పండి, కాదనను. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నాకు మాత్రం బైబిలు చెప్పే నీతి ముందుగా కాటా దగ్గరే గుర్తొస్తుంది.

‘దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము’ అంటుంది సామెతల గ్రంథం. లేవీయకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ, కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దన్న ఆజ్ఞ, తూకంలో అన్యాయం చేయొద్దన్న ఆజ్ఞ మూడూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. యార్డులో రైతుకు నష్టం ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు తెలుసు. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంతని తరుగు తీస్తారు, మచ్చు పేరుతో కాయలు ఎత్తుకుపోతారు, బిల్లు లేకుండా జీరో వ్యాపారం నడుపుతారు. కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా ముద్ర వేస్తుంది. చీటీ మీద అంకె వేసే చేతికి ఏ శాఖా ముద్ర వేయలేదు.

నేను మొదట పనిచేసిన కొట్లో తూకం తగ్గించి రాయమన్నారు. రాయనన్నాను, పని పోయింది. తర్వాత నన్ను పెట్టుకున్న షావుకారు వేంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకోనిదే కాటా ముట్టనిచ్చేవారు కాదు. ఆయన కొట్లో రైతుకు తరుగు అన్న మాటే లేదు. నీతి మా గుడి గోడల లోపలే ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

పని పోయినందుకు నాకు బాధ లేదు. మా క్రైస్తవ సంఘంలోనే ఒకాయన, ‘లౌక్యం లేకపోతే ఎలా బతుకుతావు బాబాయ్’ అన్నాడే, అది ఇప్పటికీ బాధే. మా అబ్బాయి పెళ్లప్పుడూ ఇంతే. రూపాయి కట్నం వద్దన్నాం. ‘పిల్లవాడిలో ఏదో లోపం ఉండబట్టే ఊరికే చేసుకుంటున్నారు’ అని గుసగుసలాడారు. అన్నది బయటివాళ్లు కాదు, మాతోపాటు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునేవాళ్లే. ఆ మాట మా కోడలి చెవిన కూడా పడింది.

‘చెడుతనము విసర్జించువాడు దోచబడుచున్నాడు’ అని యెషయా 59వ అధ్యాయంలో ఉంది. ఈ రోజుల్లో నీతిగా ఉండేవాణ్ణి ఎవరూ కొట్టరు, చెరసాలలో వేయరు. చేతకానివాడి కింద జమకడతారు. కుర్రవాళ్లు తట్టుకోలేకపోతున్నది దీన్నే. వాళ్లకు మనం దేవుణ్ణి విడవనందుకు సింహాల బోనులో పడి బతికి బయటపడ్డ దానియేలు కథ చెబుతాం. రేపు ఆఫీసులో సంతకం పెట్టనన్నందుకు బదిలీ అయితే సంఘం ఏం చేస్తుందో చెప్పం. ఎన్నికలప్పుడు ఇంటికొచ్చిన కవరు వెనక్కి పంపిన కుటుంబాన్ని పిచ్చివాళ్లన్నట్టు చూస్తాం. లంచం చూపున్నవాడికి గుడ్డితనం కలిగిస్తుందని నిర్గమకాండంలో చదువుకున్నది మనమే.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన నాటి నుంచి గుంటూరులో బైబిలు వాక్యం వినబడుతోంది. ఇప్పుడు ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు నడుస్తున్నాయి. మిర్చి సీజను ముమ్మరంగా ఉండేదీ ఈ రోజుల్లోనే. పగలు యార్డుకు వెళ్లినవాళ్లే సాయంత్రం ప్రార్థన కూటానికి వస్తారు. బైబిలులోని ఆమోసు ప్రవక్త కాలంలో విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా, చిన్న కొలతతో ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని కాచుకుని ఉన్నవాళ్లు కూడా పండుగలు ఆచరించినవాళ్లే. ఈ నలభై రోజుల్లో ఒక్క సాయంత్రమైనా మన పాస్టరు అయ్యగార్లు ఆమోసు 8వ అధ్యాయం మీద ప్రసంగించాలి. హమాలీలు, గుమాస్తాలు, కమిషన్ వ్యాపారులు ఒకే బెంచీ మీద కూర్చుని వినాలి.

ఇంకొక విన్నపం. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ ప్రకటన చదవడానికి ముందే రెండు కుటుంబాలనూ పిలిచి, కట్నం ఇచ్చిపుచ్చుకోవడం ఏమైనా ఉందా అని అడగాలి. లేదని వాళ్లు చెబితే ఆ మాట రాయించి సంతకాలు తీసుకోవాలి. ఉందంటే ప్రకటన ఆపాలి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ నేరాలే కాబట్టి ఇందులో అయ్యగారు ఎవరికీ భయపడాల్సిన పని లేదు. కట్నం వద్దన్న ఇంటివాళ్ల మీద గుసగుసలు బయల్దేరితే సంఘ పెద్దలే వెళ్లి ఆ నోళ్లు మూయించాలి. మా సంఘం కమిటీకి ఈ సంగతులు కాగితం మీద రాసి ఇచ్చాను. గుంటూరు, విజయవాడల్లోని మిగతా సంఘాల పెద్దలు కూడా దీన్ని చర్చకు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
గుంటూరు