అప్‌డేట్ తర్వాత డ్రైవర్ పోతే ఫార్మాట్ మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

లినక్స్ కంప్యూటర్‌లో అప్‌డేట్ తర్వాత వైఫై ఆగిపోగానే సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేసే అలవాటు హైదరాబాద్‌లో నేను పనిచేసిన కళాశాలల ల్యాబ్‌లలో పాతుకుపోయింది. అలా విద్యార్థుల ప్రాజెక్టు ఫైళ్లు పోవడం కళ్లారా చూసిన ల్యాబ్ నిర్వాహకుడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ల్యాబ్‌లో ఉబుంటు 22.04 అనే లినక్స్ వెర్షన్ నడిచే సిస్టమ్‌లకు పార్క్‌లేన్‌లో కొన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్లు పెట్టాం. వాటిని నడిపించే డ్రైవర్ కెర్నల్‌తో, అంటే లినక్స్ మూల భాగంతో, పాటు రాదు; దాన్ని మాడ్యూల్ అనే విడి ముక్కగా కెర్నల్‌కు జోడించాలి. కెర్నల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ మాడ్యూల్‌ను సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చేస్తుంది. కెర్నల్ 6.5కు మారిన మర్నాడు ఒక్క అడాప్టరూ పనిచేయలేదు. మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి ఎక్కించే మోడ్‌ప్రోబ్ ఆదేశం ఇస్తే అసలు మాడ్యూలే దొరకలేదని వచ్చింది. అప్పటికే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకున్న ఒక విద్యార్థిని ఆపి, కంపైల్ చేసేటప్పుడు ఏం జరిగిందో డీకేఎంఎస్ రాసిపెట్టే మేక్ లాగ్ తెరిపించాను. ‘ట్రివియల్ ఆటో వార్ ఇనిట్’ అనే ఆప్షన్ తనకు తెలియదని కంపైలర్ చెప్పిన వరుస అందులో ఉంది. కెర్నల్ వివరాలుండే ప్రాక్ వెర్షన్ ఫైలు చూస్తే ఆ కెర్నల్‌ను జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో తయారుచేశారని తెలిసింది; మా దగ్గర ఉన్నది 11. ఆ ఆప్షన్ జీసీసీలోకి వచ్చిందే 12తో. కాబట్టి జీసీసీ 12 వేసి, డీకేఎంఎస్ దాన్నే వాడేలా చూసి, మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేయించాం. వైఫై వచ్చింది, ఎవరి ఫైలూ పోలేదు.

కొన్నిసార్లు మాడ్యూల్ సజావుగానే తయారవుతుంది కానీ కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. తెరమీద ‘ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ లాంటి చిన్న ముక్క ఒక్కటే కనిపిస్తుంది. అసలు కారణం కెర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్ చివరి వరుసల్లో ఉంటుంది. మాడ్యూల్ ఏ కెర్నల్ కోసం తయారైందో చెప్పే గుర్తు వర్‌మ్యాజిక్; అది కలవలేదంటే మాడ్యూల్‌ను వేరే కెర్నల్ హెడర్లతో కట్టారన్నమాట. ‘అన్‌నోన్ సింబల్’ అని ఉంటే, కొత్త కంపైలర్ తనంతట తాను చేర్చిన సహాయక ఫంక్షన్ ఏదైనా నడుస్తున్న కెర్నల్‌లో లేదేమో చూడాలి. నమ్మకమైన డిజిటల్ సంతకం ఉన్నవాటినే రానిచ్చే సెక్యూర్ బూట్ అనే రక్షణ, సంతకం లేదని తిరస్కరిస్తే అది కంపైలర్ తప్పు కాదు, తిరిగి సంతకం చేయాలి.

మోడ్‌ప్రోబ్‌కు ఫోర్స్ తగిలించి మాడ్యూల్‌ను బలవంతంగా ఎక్కించమని కొందరు పిల్లలకు సలహా ఇస్తున్నారు. దయచేసి ఎవరూ అలా చేయవద్దని వేడుకుంటున్నాను. వర్‌మ్యాజిక్ తనిఖీని దాటించినంత మాత్రాన లోపలి స్ట్రక్చర్ల అమరిక కలవదు. కెర్నల్ ఒక చోట ఉందనుకున్న విలువను మాడ్యూల్ మరో చోట రాస్తే మెమరీ పాడై, సిస్టమ్ ఆగిపోవడమే కాక డిస్క్ మీది సమాచారం కూడా దెబ్బతినవచ్చు. అంతకంటే, బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్‌ను ఎంచుకుంటే ఆ రోజు క్లాసు ఆగదు, తీరిక చూసుకొని లాగ్ చదువుకోవచ్చు.

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివినవారే. మీ పత్రిక విద్యార్థుల పేజీలో వారానికి ఒక లాగ్ వరుసను అచ్చువేసి, దాని అర్థం తెలుగులో వివరించాలని కోరుతున్నాను.

ఇట్లు
ఒక కళాశాల ల్యాబ్ నిర్వాహకుడు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్