ఈ దసరాకి మన గుళ్ళో పొయ్యి మళ్ళీ వెలగాలి: విజయవాడ సింగ్ నగర్ వీధి అమ్మవారి గుడి కమిటీ విజ్ఞప్తి

శ్రీ మాత్రే నమః

వీధిలో ఉంటున్నవాళ్ళకీ, ఇక్కడే పుట్టి పెరిగి ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగళూరు, ఇంకా దూరాలు వెళ్ళిపోయినవాళ్ళకీ, అద్దెకుండి ఇల్లు మారినా దసరా వచ్చిందంటే ఒక్కసారైనా గుడి వైపు వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవాళ్ళకీ కమిటీ తరఫున నమస్కారం. చందా పుస్తకం పట్టుకుని ఎలాగూ ఇంటింటికీ వస్తాం. కానీ ఈసారి ముందుగానే రాస్తున్నాం, ఎందుకంటే అడిగేది వేరు. ప్రతి ఏడూ పందిరికీ, పూలకీ, లైట్లకీ అడిగేవాళ్ళం. ఈ ఏడు వంటశాల కోసం అడుగుతున్నాం.

ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, దూరంగా ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు మన మీదకి వచ్చింది. కుంభవృష్టి, కాలువకి గండ్లు, చూస్తుండగానే సింగ్ నగర్ అంతా నీళ్ళు. జనం మేడల మీద రోజుల తరబడి ఉండిపోయారు. గుడి వెనక రేకుల షెడ్డు గుర్తుంది కదా, అదే మన వంటశాల. నీళ్ళు తీశాక చూస్తే చిన్న గుండిగలు కొట్టుకుపోయాయి, పెద్దది గోడవార బురదలో బోర్లా పడి ఉంది, గ్యాస్ పొయ్యిలు తుప్పు పట్టి పనికి రాకుండా పోయాయి, దసరాకని దాతలు ముందుగా ఇచ్చి ఉంచిన బియ్యం బస్తాల్లోనే మొలకలొచ్చి కుళ్ళిపోయాయి. అమ్మవారి పీఠం దాకా బురదే. వీధుల్ని ఫైరింజన్లు వచ్చి కడిగాయి, గర్భగుడిని మాత్రం మన ఆడవాళ్ళూ కుర్రాళ్ళూ బిందెలతో నీళ్ళు మోసి కడిగారు. ఎవరి ఇల్లు వాళ్ళు పూర్తిగా శుభ్రం చేసుకోకముందే గుడికి వచ్చారు వాళ్ళు, అది కమిటీ ఎప్పటికీ మర్చిపోదు.

ఆ ఏడు నవరాత్రులు మొదలయ్యే పాడ్యమి అక్టోబరు 3న వచ్చింది. అంటే వరదకీ కలశస్థాపనకీ మధ్య నెలా రెండు రోజులు. ఇళ్ళల్లో పరుపుల్లేవు, ఫ్రిజ్‌లు పోయాయి, చందా అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అయినా ఉత్సవం ఆపలేదు. కలశం పెట్టాం, రోజూ అలంకారం చేశాం, ప్రసాదం మాత్రం బయట వంటవాళ్ళకి చెప్పి తెప్పించాం. తప్పనిసరై చేసిన ఆ ఏర్పాటే ఇప్పటికీ అలాగే నడుస్తోంది. షెడ్డు పైరేకులు చిల్లులు, లోపల గచ్చు లేచిపోయింది, గుండిగలు లేవు. అమ్మవారి మహానివేదన వరకూ అర్చకస్వామి ఇంట్లో మడితో వండి తెస్తున్నారు. భక్తులకి పెట్టేది మాత్రం బయట నుంచి స్టీలు క్యాన్లలో, సగం చల్లారి వస్తుంది.

మన గుళ్ళో వంట చూసినవాళ్ళకి ఆ తేడా తెలుసు. తెల్లవారుజామున మూడింటికే పొయ్యి ముట్టించేవాళ్ళు. అన్నం పలుకుగా ఉడగ్గానే గంజి వార్చి, ఉతికి ఆరేసిన తెల్ల పంచె మీద కుమ్మరించి, వేడి మీదే పసుపూ నూనే చల్లి చేతులు కాలకుండా తెడ్డుతో పరిచేవాళ్ళు. పక్కన చింతపండు పులుసు చిక్కబడేదాకా ఉడుకుతూ ఉండేది, పచ్చిమిరపకాయలు చీల్చి అందులోనే వేసేవాళ్ళు. ఆ తర్వాత పోపు. శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్ళు, ఎండుమిర్చి, కరివేపాకు, చివర్లో ఇంగువ. ఇంగువ వాసన వీధి మలుపు దాకా వస్తే ఇక పిల్లల్ని లేపనక్కర్లేదు, వాళ్ళే లేచి వచ్చేవాళ్ళు. ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ రుచి చూడరు, నైవేద్యం కాకముందు చూడకూడదు. అయినా ఎప్పుడూ సరిగ్గానే కుదిరేది. ఆ చెయ్యి ఉన్న పెద్దవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, నేర్చుకుంటామని కోడళ్ళూ కూతుళ్ళూ అడుగుతున్నారు. ఇంకో నాలుగేళ్ళు ఇలాగే గడిస్తే నేర్పేవాళ్ళకి ఓపిక ఉండదు. అందుకే ఈ తొందర.

"కొండ మీద సాక్షాత్తూ కనకదుర్గమ్మ ఉండగా వీధి గుడికి ఇంత హడావిడి ఎందుకు" అని కొంతమంది అంటారు, ఆ మాటకి కోపం లేదు, జవాబు ఉంది. ఇంద్రకీలాద్రి మీద అమ్మ అందరిదీ. దసరాకి ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు. ఇక మూలా నక్షత్రం రోజున, ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించే రోజున, వన్‌టౌన్ వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూలైను కదిలితే కదిలినట్టు. మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు ఆ లైనులో నిలబడగలరా? చంటిపిల్ల తల్లి? రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆటో డ్రైవరు? వీళ్ళందరికీ బాలాత్రిపురసుందరి అయినా, అన్నపూర్ణ అయినా, మహిషాసురమర్దిని అయినా కనిపించేది ఈ గుళ్ళోనే. కొండ మీద ఆ రోజు ఏ అలంకారమో మన గుళ్ళోనూ అదే చేస్తాం, మొదటి నుంచీ పద్ధతి అది. సాయంత్రం లలితా సహస్రనామం, కుంకుమార్చన, హారతి. కొండకి వెళ్ళి వచ్చినవాళ్ళు కూడా ఇంటికి పోయేముందు ఇక్కడ ఆగుతారు. కొండ మీద ఉత్సవాన్ని చూసుకోవడానికి దేవస్థానం ఉంది, ప్రభుత్వం ఉంది. ఈ గుడికి మాత్రం మనమే ఉన్నాం.

ఇంకో పెద్ద కారణం భవానీలు, అంటే దుర్గమ్మ దీక్ష తీసుకున్న భక్తులు. నూజివీడు రోడ్డు మన పక్క నుంచే పోతుంది. నవరాత్రుల చివరి రోజుల్లో, దశమికీ ఆ తర్వాతా, ఎర్రబట్టలతో నడిచి వచ్చే భవానీలు అర్ధరాత్రి నుంచే కనిపిస్తారు. (మండల దీక్ష చేసి మార్గశిరంలో ఇరుముడితో వచ్చేవాళ్ళు కూడా ఇటే వస్తారు, అప్పుడు కూడా వంటశాల పనికొస్తుంది.) కాళ్ళకి చెప్పుల్లేకుండా, కొంతమంది పిల్లల్ని భుజాన వేసుకుని మరీ నడుస్తారు. గుడి అరుగు మీద కూర్చుని అరికాళ్ళు చూసుకుంటూ "ఇంకా ఎంత దూరం స్వామీ" అని అడుగుతారు. వాళ్ళకి ప్యాకెట్టులో చల్లారిన అన్నం ఇచ్చి పంపడం మనసుకి పట్టడం లేదు. విస్తరేసి, కూర్చోబెట్టి, వేడిగా పులిహోరా, దద్దోజనమూ, ఒక గ్లాసు మజ్జిగా ఇవ్వాలని ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చే భవానీకి బయటి వంట అందదు, అది ఎనిమిదికి గానీ రాదు. మన పొయ్యి మనకుంటే అందుతుంది.

పైగా అన్నం విలువ మన వీధికి వేరే చెప్పాలా? మేడ మీద నిలబడి పడవ కోసం, హెలికాప్టర్ కోసం, చివరికి డ్రోన్ మోసుకొచ్చే పొట్లాం కోసం చూసిన రోజులున్నాయి. అన్నం వండి పంపిన ఊళ్ళ పేర్లు కూడా మనకి తెలీదు. గుళ్ళు, మసీదులు, చర్చిలు, కాలేజీ పిల్లలు, ఎవరు పంపారో ఏమో, పొట్లాం విప్పుకుని తిన్నాం. వాళ్ళని వెతికి తిరిగి ఇవ్వలేం. మన గుమ్మం ముందు నుంచి ఆకలితో నడిచిపోయే మనిషికి పెట్టగలం కదా.

సరే, ఏం కావాలో చెబుతాం. షెడ్డుకి కొత్త రేకులు, లోపల గచ్చు, ఈసారి నేల రెండు అడుగులు ఎత్తు చేయించాలని మేస్త్రీ చెప్పాడు, బుడమేరుని తలుచుకుంటే అది అవసరమే. మూడు పెద్ద పొయ్యిలు, గుండిగలు, గంగాళాలు, తెడ్లు, నీళ్ళ ట్యాంకు. సామాన్లు పెట్టడానికి గోడకి ఎత్తులో అటక. ఆ తర్వాత నవరాత్రుల సరుకులు. డబ్బుగా ఇవ్వలేనివాళ్ళు సరుకు ఇవ్వండి, ఒక 26 కిలోల బియ్యం బస్తా అంటే రెండు వందల మందికి పైగా ప్రసాదం. చింతపండు ఇవ్వచ్చు, నూనె డబ్బా ఇవ్వచ్చు, అడ్డాకుల విస్తళ్ళు ఇవ్వచ్చు. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులో కొట్టు ఉన్నవాళ్ళు కొన్న ధరకే పప్పులు ఇప్పిస్తే అది కూడా విరాళమే. అసలేమీ ఇవ్వలేని పరిస్థితి ఉంటే తెల్లవారుజామున వచ్చి కరివేపాకు దూసి పెట్టండి, చాలు. ఆ ఇబ్బంది మాకు తెలుసు, వరద అప్పులు ఇంకా తీరనివాళ్ళు వీధిలో ఉన్నారు, వాళ్ళని ఎవరూ ఒత్తిడి చేయరు.

116 ఇచ్చినా, 516 ఇచ్చినా, 1,116 ఇచ్చినా రసీదు ఇస్తాం, గోత్రనామాలు రాసుకుని కుంకుమార్చనలో చదివిస్తాం. ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో, తక్కువ ఇచ్చినవాళ్ళది చిన్న అక్షరాలతో రాయించే పద్ధతి మన గుళ్ళో లేదు, ఉండదు. ఒక రోజు ప్రసాదం మొత్తం మాదే అని తీసుకోవాలనుకునే కుటుంబాలు ముందుగా చెప్పండి. అన్నపూర్ణ అలంకారం రోజుకి ఎప్పుడూ పోటీ ఉంటుంది కాబట్టి ఆ రోజు అడిగినవాళ్ళందర్నీ కలిపే చేయిస్తాం.

మూలా నక్షత్రం నాడు అక్షరాభ్యాసాలు యథాప్రకారం జరుగుతాయి. పలకలూ బలపాలూ ఈ ఏడు కూడా గుడే ఇస్తుంది, పిల్లల తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోం. దశమి సాయంత్రం జమ్మి పూజ. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసిన కొండ అని చెప్పుకునే ఊరు మనది, పాండవులు ఆయుధాలు దాచిన జమ్మిని ఇక్కడ పూజించకపోతే ఎలా. కాగితం మీద శ్లోకం, ఇంట్లోవాళ్ళ పేర్లు రాసి తెచ్చుకోండి.

డీజే ఉండదు. ఈ విషయంలో కుర్రాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు గానీ వాళ్ళే ఒప్పుకున్నారు, ఆ డబ్బు గుండిగలకి పెడదామన్నారు. సన్నాయి, డోలు ఉంటాయి. మా పేరు చెప్పి ఎవరైనా రోడ్డు మీద తాడు కట్టి బండ్లు ఆపి డబ్బులడిగితే ఇవ్వకండి, వాళ్ళు మన కమిటీ కాదు. మా వాళ్ళు రసీదు పుస్తకంతో ఇంటికే వస్తారు, ఇద్దరు కలిసి వస్తారు.

వినాయక చవితికి అందరూ చందాలిచ్చి ఉంటారు, వెంటనే మళ్ళీ అడగడం కష్టంగానే ఉంది. కానీ భాద్రపద పౌర్ణమి దాటితే పితృపక్షాలు, ఆ పదిహేను రోజుల్లో కొత్త పాత్రలు కొనడం, పొయ్యి పెట్టడం మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి కొనాల్సినవన్నీ పౌర్ణమి లోపే కొని, పాలు పొంగించి పెట్టుకోవాలి. ఇచ్చేవాళ్ళు ఆలోపు ఇస్తే మేలు. సరుకులు మాత్రం పాడ్యమికి రెండు రోజుల ముందు తెచ్చినా చాలు, అంతకంటే ముందు తెస్తే పెట్టడానికి చోటు లేదు.

గుడి గుమ్మం పక్కన నోటీసు బోర్డులో క్యూఆర్ కోడ్ అంటించాం, అది గుడి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాదే, డబ్బు పంపేటప్పుడు గుడి పేరు కనిపిస్తేనే నొక్కండి. దూరంగా ఉన్నవాళ్ళు ఇక్కడున్న మీవాళ్ళతో ఆ బోర్డు ఫోటో తీయించుకోండి, వాట్సాప్‌లో తిరిగే వేరే నంబర్లకి పంపవద్దు. వచ్చిందీ ఖర్చయిందీ ప్రతి శుక్రవారం హారతి తర్వాత అదే బోర్డు మీద రాస్తాం, బిల్లులు చూడాలనుకున్నవాళ్ళకి చూపిస్తాం. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి గుళ్ళో మీటింగు, వంటశాల కొలతలు తీసుకోవడానికి మేస్త్రీ కూడా వస్తున్నాడు. ఇదివరకు ఇక్కడ వంట చేసిన పెద్దవాళ్ళు తప్పకుండా రండి, పొయ్యిలు ఏ మూల ఉండాలో, గంజి వార్చడానికి తూము ఎటు పెట్టాలో మీరే చెప్పాలి.