కొబ్బరిచిప్ప దీపం గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారమండి,

శనివారం మన పిల్లలు పెట్టిన స్టాల్ దగ్గర జరిగినదాని గురించి నాలుగు రోజులుగా వాట్సాప్ గ్రూపులో నడుస్తూనే ఉంది, అన్నీ చదివాను, అర్ధరాత్రి పెట్టిన వాయిస్ మెసేజ్‌లు కూడా విన్నాను. పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, టర్మ్ ఫీజు 10వ తారీకు లోపు కట్టండి, బస్సు పిల్లలు ఐదు నిమిషాల ముందే రోడ్డు మీద ఉండాలి. ఇక అసలు సంగతి.

క్యాన్సర్ పేషెంట్లకి సాయం చేద్దామని మన పిల్లలు ఆ రోజు సొంతంగా అల్లిన లేసులు, చేసిన, కొబ్బరిచిప్ప దీపాలు, పీచు బొమ్మలు అమ్ముతున్నారు. ఒక నాన్నగారు 60 రూపాయల దీపాన్ని 40కి అడిగారు. అడగనివ్వండి, మన వైపు బేరం లేకుండా అరటిపండు కూడా కొనం. కానీ ఆయన చేతిలో సిగరెట్ కాలుతోంది. ఎనిమిదో తరగతి అమ్మాయి "అది పారేసి రండి అంకుల్, అప్పుడిస్తాం" అంది. ఆయన వెళ్ళిపోయారు. పిల్లలకి మర్యాద నేర్పట్లేదని గ్రూపులో ఒకటే గోల. రండి అంది, అంకుల్ అంది, ఇంతకన్నా మర్యాద నాకూ తెలీదండి. ఎందుకంత పట్టుదలగా అందో నాకు తెలుసు, అది వాళ్ళింటి సంగతి, ఇక్కడ రాయను.

"బడికి పంపింది వ్యాపారానికా" అన్నవారికి ఒక మాట. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో జరుగుతాయి, నిజమే. కానీ రేడియేషన్ ఒక్కరోజుతో అయ్యేది కాదు, మామూలుగా వారానికి ఐదు రోజులు, అలా కొన్ని వారాలు, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కి ఇక్కణ్ణుంచి రోజూ వెళ్ళిరాగలరా? అక్కడ గది అద్దె, తోడున్నవాళ్ళ భోజనం, పోయిన కూలి ఎవరిస్తారు? పిల్లలు తెచ్చిన 18,460 రూపాయలు మన మండలం పేషెంట్లకి ఆ ఖర్చులకే.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అన్న ప్రభుత్వ ముద్ర, వచ్చింది, అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మా అమ్మమ్మ వంటపని అయ్యాక అరుగు మీద కూర్చుని కళ్ళు లాగేదాకా అల్లేది, ఏజెంట్ ఎంతిస్తే అంత, ఆవిడ ఏనాడూ ఇదీ నా రేటు అని చెప్పలేదండి. శనివారం మన పిల్లలు వాళ్ళు అల్లినదానికి వాళ్ళే రేటు చెప్పి, తగ్గేది లేదని నిలబడ్డారు, నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. తొమ్మిదో తరగతి అబ్బాయొకడు, "మగపిల్లాడికి సూదేంటి" అని ఇంట్లో తిట్లు తిని కూడా, పదకొండు బుక్‌మార్కులు అల్లాడు, అన్నీ వంకరే, అన్నీ అమ్ముడుపోయాయి!

అమ్మలకి ఒక మనవి. ఆరో తరగతి బాబు తెచ్చిన గుమ్మం లేసు చూస్తే ముప్పై ఏళ్ళు అల్లిన చెయ్యి అని తెలిసిపోతోంది, చాలా బావుంది, కానీ వాడికి సూది ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదు. ఇంకొకరిది ఆన్‌లైన్‌లో కొన్నది, స్టిక్కర్ కూడా పీకలేదు. ప్లీజ్ అండి.

నాన్నగార్లూ, 2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలకి సిగరెట్లు, గుట్కా అమ్మకూడదు, బడికి 100 గజాల్లో అసలు అమ్మకూడదు. అయినా యూనిఫాంలో ఉన్న పిల్లలు కొట్టు దగ్గర "నాన్నకే మేడం" అంటుంటే నేనేం చెప్పాలి? మీకు కావాల్సింది మీరే నడిచెళ్ళి తెచ్చుకోండి, కాస్త వాకింగ్ అయినా అవుతుంది.

ఆ దీపం నా టేబుల్ మీదే ఉంది, ఎవరికీ అమ్మలేదు. ఆ నాన్నగారు ఎప్పుడొచ్చినా ఇస్తాం, 60 రూపాయలే, బేరం లేదు.

మీ హెడ్‌మిస్ట్రెస్