కడలిలోని వేడిని కరెంటుగా మార్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న వేసవిలో సూర్యలంక తీరాన మోకాలి లోతు నీళ్లలో నిలబడితే కాళ్లకు వెచ్చగా తగిలింది. అదే బంగాళాఖాతంలో 1000 మీటర్ల లోతున నీరు సుమారు 7 డిగ్రీల చలిలో ఉంటుంది. తక్కువ వేడికే మరిగే అమ్మోనియాను పైనీటి వేడితో ఆవిరి చేసి, దానితో టర్బైన్ తిప్పి, అడుగునీటి చలితో మళ్లీ ద్రవంగా మార్చే ఈ పద్ధతి రాత్రింబవళ్లు విద్యుత్తునిస్తుంది. వేడిలో కరెంటుగా మారే వంతు తక్కువే అయినా, ఇంధనం ఖర్చే లేనిచోట ఆ లెక్క ఒక్కటే చూడటం సరికాదు. అసలు చిక్కంతా అడుగునీటిని పైకి తెచ్చే పొడవాటి చన్నీటి గొట్టం దగ్గరే. తూత్తుకుడి వద్ద తలపెట్టిన ఒక మెగావాట్ ప్రయోగం అక్కడే ఆగింది. అయినా 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో ఇలాంటి ఉష్ణోగ్రతల తేడాతోనే రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రం మొదలైంది. మన తీరానికి ఎంత దూరంలో ఆ లోతు దొరుకుతుందో ప్రభుత్వం సర్వే చేయించి, ఆ వివరాలు ప్రజల ముందుంచాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ