భావనపాడు బాబాయ్‌కీ, ఇంకా చాలామందికీ

నిన్న రాత్రి విజయనగరం చేరాం. వేళ్లు ఇంకా హ్యాండిల్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి, టైపు చేస్తుంటే నొప్పెడుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి. పడుకుని లేస్తే అన్నీ సర్దుకుని, తూకం వేసుకుని రాస్తాను, అది నాకొద్దు.

ఇచ్ఛాపురం నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి బీచ్ దాకా సైకిళ్ల మీద తీరం వెంట వచ్చాం, నేనూ నా స్నేహితుడూ. వెనక ట్రైలర్లు, వాటి మీద రెండు సర్ఫ్‌బోర్డులు, టెంటు, స్టవ్వు, బియ్యం. తీరం వెంట అన్నానే గానీ, బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, వీటిలో ఏది సముద్రంలో కలిసే చోటైనా మన దారి అక్కడితో సరి. వంతెన కోసం మళ్లీ లోపలికి, హైవే ఎక్కాల్సిందే. అలా ఎక్కినప్పుడే, టెక్కలికి కాస్త ముందు, ఒక లారీ మమ్మల్ని రాసుకున్నంత పని చేసి దూసుకెళ్లింది. ఆ గాలికి నా ట్రైలర్ పల్టీ కొట్టింది. మాకేం కాలేదు. బోర్డు ముక్కు పగిలి లోపలి ఫోమ్ బయటికొచ్చింది. దాంట్లోకి నీళ్లు చేరితే ఇక ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాలి.

నౌపడా ఉప్పుమడుల పక్క నుంచి భావనపాడు వెళ్లాం. ఇసుకలో బోర్లించిన ఫైబర్ పడవకి అతుకేస్తున్న ఒక పెద్దాయన తలెత్తి, "ఏటి బాబూ, తెప్ప ఇరిగిపోనాదా?" అన్నారు. అంతే, మేం అడగనే లేదు. పగులు చుట్టూ వేలితో తట్టి చూసి, లోపల చెమ్మ ఉందన్నారు. ముందు ఎండలో పెట్టించారు. తర్వాత గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ మ్యాట్ ముక్క కత్తిరించి, రెజిన్‌లో హార్డ్‌నర్ చుక్కలు లెక్కపెట్టి కలిపారు. మాది పాలియురేథేన్ ఫోమ్ కాబట్టి ఆ రెజిన్ సరిపోయింది, థర్మోకోల్ రకమైతే కరిగిపోయేది. జీవితంలో సర్ఫ్‌బోర్డు ముట్టుకోని మనిషి మా కంటే బాగా దాన్ని అర్థం చేసుకున్నారు.

రాత్రంతా ఆరాలి, బయట పెడితే కుక్కలు తొక్కుతాయని బోర్డుని తన ఇంట్లోకి పట్టుకెళ్లారు. తెల్లవారుజామున చూద్దును కదా, ఉన్నది ఒక్కటే గది, ఒక్కటే నవారు మంచం. మంచం మీద మా బోర్డు. ఆయన బయట అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, పైపంచె కప్పుకుని పడుకున్నారు. నేను పక్కకెళ్లి ఏడ్చేశాను. లారీ కొట్టబోయినప్పుడు కూడా రాలేదు ఏడుపు. డబ్బులు ఇవ్వబోతే, "సంద్రం మీదకెల్లేవోడి కాడ డబ్బులేటి" అని నా చెయ్యి మడిచేశారు. బాబాయ్, నీ అతుకు చుక్క నీళ్లు కూడా లోపలికి రానివ్వలేదు. మొన్న చింతపల్లిలో దాని మీదే నిలబడ్డాను.

నాన్నకి, మా ఆవిడకి, డబ్బులు పంపిన అన్నయ్యకి థాంక్స్. వాళ్లకి తెలుసు.

అసలు ఆ లారీల మధ్యకి వెళ్లకుండా ఆ హైవే దారి వరకూ రైల్లో వద్దామనే అనుకున్నాం. పార్సిల్ ఆఫీసులో బోర్డు చూసి, ఇది ఏ వస్తువు కింద రాయాలో తెలీదని ఒకరు, కొలత ఎక్కువైందని ఇంకొకరు, సార్ భోజనానికి వెళ్లారని మరొకరు. సోఫాలు, మోటార్‌సైకిళ్లు మా కళ్ల ముందే ఎక్కుతున్నాయి. ఇక హైవే మీద సైకిలు తొక్కేవాడికి తెల్లగీత అవతల ఉన్న జానెడు చోటే దారి, అందులోనూ సగం ఇసుక, పగిలిన గాజుపెంకులు. ఊళ్లో పిల్లలు రోజూ బడికి ఆ గీత మీదే వెళ్తున్నారు. బీచ్ టూరిజం మాటలు తర్వాత, ముందు ఆ గీత వెడల్పు చేయండి సార్.

అయ్యో, కవిటి అమ్మని మర్చిపోయా! బోరింగు కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఉద్దానం నీళ్లు వద్దు బాబూ, కిడ్నీ జబ్బుల భయం అని, తను కొనుక్కున్న క్యాన్‌లోంచి మా సీసాలన్నీ నింపింది. బారువలో పంచర్ వేసిన కుర్రాడు. శ్రీకూర్మంలో సామాను అప్పజెప్పి గుళ్లోకి వెళ్తే, గంట సేపు కాపలా కాసిన కొబ్బరికాయల కొట్టావిడ. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఫోన్లు ఛార్జింగ్ పెట్టిచ్చిన టీ కొట్టు తమ్ముడూ, బోర్డు ఎక్కిస్తానన్న మాట మాటే. సెలవుల్లో వచ్చెయ్, ఈత మాత్రం నేర్చుకుని రా.