ఆదివారం చర్చకి ముందు ఓ మాట

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం విశాఖ ద్వారకానగర్ పౌరగ్రంథాలయం దగ్గర కలుస్తున్నాం కదా. మత చరిత్ర, బొమ్మల్లో దాగిన గుర్తుల చుట్టూ అల్లిన థ్రిల్లర్లంటే నాకు ప్రాణం, మొదలుపెడితే తెల్లారేదాకా వదలను. కానీ అందులో ఉన్నదంతా చరిత్ర అనుకుంటే కష్టం.

డాన్ బ్రౌన్ నవల ‘ద డా విన్సీ కోడ్’ సంగతే చూడండి. అందులో 1099 నాటిదని చెప్పిన ‘ప్రయరీ ఆఫ్ సయోన్’ అనే రహస్య సంఘం, నిజానికి 1956లో పియేర్ ప్లాంటార్, అతని స్నేహితులు ఫ్రాన్స్‌లో రిజిస్టర్ చేయించుకున్నది. పాతవని నమ్మించడానికి దొంగ పత్రాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలోకి చేర్చారు. ఈ మోసం కథే ఓ నవలకి సరిపోతుంది!

ఇక లియొనార్డో డా విన్సీ గోడ మీద గీసిన ‘చివరి విందు’ బొమ్మ. అందులో యేసు పక్కన ఉన్నది మగ్దలేనా మరియ అంటుంది నవల. కానీ అక్కడ కూర్చున్నది శిష్యుడు యోహాను. అతన్ని గడ్డం లేని కుర్రాడిగా గీయడం అప్పటి ఇటలీ చిత్రకారులకి మామూలే. నన్ను కదిలించేది ఆ గోడే. లియొనార్డో తడి సున్నం మీద కాకుండా ఎండిన గోడ మీద రంగులు వేశాడు, ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. 1652లో గుమ్మం కోసమని గోడ కొట్టేస్తే యేసు పాదాలే పోయాయి.

మనకీ తొట్లకొండ, బొజ్జన్నకొండ లాంటి పాత బౌద్ధ స్థలాలున్నాయి, సింహాచలం గుడి నిండా శాసనాలున్నాయి. వీటి మీద ఆధారాలతో తెలుగులో ఓ మంచి థ్రిల్లర్ రావాలని నా గట్టి కోరిక. రాసే ఆలోచన ఉన్నవాళ్లు ఆదివారం తప్పకుండా రండి. మీ దగ్గరున్న పుస్తకాలూ పట్టుకురండి.