రాజీ డబ్బుతో ఊరట ఎవరికి?

సంపాదకులకు,

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడి-పాతపట్నం రోడ్డు మీద బండి తగిలి ఎవరైనా పడితే, గుద్దినవాడు "ఎంత పని చేశాన్రా దేవుడా" అని తల పట్టుకుని కూలబడతాడు. చేరినవాళ్లలో కొందరు అతన్ని కొట్టే పనిలో, కొందరు ఫోన్లో తీసే పనిలో ఉంటారు. పడినవాడి తొడ నుంచి నెత్తురు పోతూనే ఉంటుంది. డ్రైవరు ఏడుపు దొంగేడుపేం కాదు. కానీ అందులో ఉన్నది తన తప్పు, తన భయం. ఎదుటివాడి నొప్పి తగిలిన మనిషైతే ముందు గుడ్డ కోసం వెతుకుతాడు.

ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు తువ్వాలు మడిచి, గాయం మీద రెండు అరచేతులతో పది నిమిషాలు గట్టిగా ఒత్తాలి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టిన నెత్తురు ఊడి మళ్లీ మొదటికొస్తుంది. తడిసినా తీయకుండా పైన ఇంకోటి వేయాలి. నీళ్లు పట్టొద్దు (మనవాళ్లు మొదట చేసేది అదే!). తెలివి తప్పినవాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తేస్తే, మెడ ఎముక విరిగి ఉన్నప్పుడు వెన్నుపాము దెబ్బతింటుంది. పోలీసుల భయం వద్దు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను సాయపడినవారిని కాపాడుతుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

ఇక పెద్దమనుషుల రాజీ. పాతికో ముప్పయ్యో వేలు చేతిలో పెట్టి, కేసు వద్దని స్టాంపు కాగితం మీద రాయించుకుంటారు. గుద్దినవాడికి ఆ రాత్రి నిద్ర పడుతుంది. కాలు విరిగినవాడికి ఎఫ్‌ఐఆర్ లేకపోవడంతో బీమా సొమ్ము చిక్కుల్లో పడుతుంది. అదే మోటారు వాహనాల చట్టం 164 సెక్షను కింద తప్పెవరిదో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. బండికి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి చెల్లించే బీమా) చెల్లుబాటులో ఉంటే ఇచ్చేది బీమా కంపెనీ, డ్రైవరు కాదు. జనం కొడతారని భయపడి డ్రైవరు అక్కడ ఆగలేకపోయినా తిన్నగా స్టేషనుకు వెళ్లొచ్చు. 24 గంటల్లోగా చెప్పాలి. పాలసీ, ఆర్‌సీ, లైసెన్సు నకళ్లు బాధితుల ఇంటికి పంపితే వాళ్లకు నెలల తిరుగుడు తప్పుతుంది.

ప్రమాదం ఒడిశాలో జరిగినా, బాధితుడిది ఆంధ్రా వైపు ఊరైతే తన ప్రాంతపు ట్రిబ్యునల్లోనే (ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు) కేసు వేసుకోవచ్చు. ప్రమాదం జరిగి ఆరు నెలలు దాటనీయొద్దు. ఒడియా ఎఫ్‌ఐఆర్‌కు తర్జుమా ముందే చేయించి పెట్టుకోవాలి.

— ప్రథమ చికిత్స శిక్షకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా